కుర్చీ సంగతి తర్వాత, ముందు మన లెక్క తేలాలి

(ప్రొద్దుటూరులో మన యువత కూర్చున్నప్పుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పెడుతున్నా. చదివి, మీ పేటలో నలుగురికి వినిపించండి.)

 

ఇప్పుడు యాడ చూసినా మున్సిపల్ ఎన్నికల మాటే. టీ అంగడి దగ్గర అదే, బస్టాండులో అదే, ఫోను తెరిస్తే అదే. చైర్మన్ ఎవరు, మేయర్ ఎవరు, ఏ వార్డు ఏ కులానికి పోతుంది, ఎవరు ఏ పార్టీలోకి దూకుతారు. మన పేటల్లోకి వచ్చేసరికి మాత్రం ఆ ముచ్చట ఒక్క మాటతో అయిపోతుంది: "ఎవరు కూర్చుంటే మనకేంది?"

ఆ మాట అన్నందుకు పెద్దోళ్లను తప్పు పట్టొద్దు. ఎన్నో ఎన్నికలు చూసిన అనుభవం ఆ మాటలో ఉంది. కానీ దానికి ఒక జవాబు కూడా ఉంది. ఈ పొద్దు నేను చెప్పేది అంతా ఆ జవాబే.

ముందు మన జిల్లా కేంద్రంలో ఏం జరిగిందో చూద్దాం.

2021 మార్చిలో కడప కార్పొరేషన్‌లోని 50 డివిజన్లకు ఎన్నికలు జరిగితే 48 చోట్ల వైసీపీ గెలిచింది. సురేష్ బాబు మేయర్ అయినారు. 2014లో గెలిచిన పాలకమండలికీ ఆయనే మేయర్. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కడప ఎమ్మెల్యేగా టీడీపీ నుంచి మాధవీరెడ్డి గెలిచారు. ఆ ఏడాది చివర్లో కౌన్సిల్ సమావేశంలో వేదిక మీద ఎమ్మెల్యేకు కుర్చీ వేయలేదని పెద్ద రగడ. ఆమె నిలబడే నిరసన తెలిపారు. పేపర్లలో, టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని రోజులు ఆ కుర్చీ తప్ప వేరే మాట లేదు.

2025 మే నెలలో, మేయర్ కుటుంబ సభ్యుల సంస్థకు కార్పొరేషన్ పనులు దక్కాయన్న కారణం చూపి ప్రభుత్వం ఆయన్ను పదవి నుంచి తప్పించింది. అది రాజకీయ కక్ష అని వైసీపీ అనింది. వ్యవహారం హైకోర్టుకు పోయింది. మధ్యలో డిప్యూటీ మేయర్ ముంతాజ్ బేగం ఇన్‌ఛార్జి మేయర్‌గా ఉన్నారు. చివరికి 2025 డిసెంబర్‌లో పాకా సురేష్ కొత్త మేయర్ అయినారు. ఈ పాలకమండలి ఐదేళ్ల గడువు 2026 మార్చితో సరి. అంటే అంత గొడవా మూడు నెలల కుర్చీ దగ్గరికి వచ్చి ఆగింది.

వీళ్లలో ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అని తేల్చడానికి నేను రాలేదు. అది కోర్టులు చూసుకుంటాయి, ఓటర్లు చూసుకుంటారు. నేను అడిగేది వేరే. ఇన్ని నెలల వార్తల్లో మీరు ఒక్కసారైనా మన పేట పేరు విన్నారా? కాలువ గట్టు మీది గుడిసెకు పట్టా ఇవ్వలేదని ఎవరైనా వేదిక ముందు నిలబడ్డారని విన్నారా? పందులు పెంచుకునే ఎరుకల కుటుంబానికి ఊరవతల దొడ్డి కోసం ఇంత జాగా చూపించాలని కౌన్సిల్ దద్దరిల్లిందని విన్నారా? నేనైతే వినలేదు.

మన మూడు ఊర్ల కథ కూడా చూడండి.

ప్రొద్దుటూరు. 2017 ఏప్రిల్. ఒప్పందం ప్రకారం ఉన్న చైర్మన్ రాజీనామా చేసినాక కొత్త చైర్మన్‌ను ఎన్నుకోవాలి. పోటీ టీడీపీలోని రెండు వర్గాల మధ్యనే. కౌన్సిల్ హాలులో గలాటా జరిగి ఎన్నిక వాయిదా పడింది. అప్పటి వైసీపీ ఎమ్మెల్యే రాచమల్లు శివప్రసాద్ రెడ్డి తన చెప్పుతో తనను తానే కొట్టుకుని నిరసన తెలిపారు. ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది.

జమ్మలమడుగు. 2014 జూలై. ఉండేది 20 వార్డులు. చైర్మన్ ఎన్నిక రోజు ఊరు ఊరంతా ఉద్రిక్తత, రెండు పార్టీల మధ్య గొడవలు, ఎన్నిక వాయిదా. ఒక్క కౌన్సిలర్ అటు పోతే ఒక లెక్క, ఇటు వస్తే ఒక లెక్క.

పులివెందుల. 2021. ఉండేది 33 వార్డులు. 33కి 33 ఏకగ్రీవం. ఒక్క వార్డులో కూడా ఓటు పెట్టె తెరిచే పని పడలేదు. ఆ తర్వాత 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ ఉప ఎన్నిక వచ్చింది. టీడీపీ అభ్యర్థికి 6,716 ఓట్లు, వైసీపీ అభ్యర్థికి 683 ఓట్లు. ఒక పక్షం "ఇన్నేళ్లకు జనం స్వేచ్ఛగా ఓటేసినారు" అనింది. ఇంకో పక్షం "జనాన్ని బూతుల దగ్గరికే రానీయలేదు" అనింది.

ఒక ఊర్లో సొంత పార్టీలోనే కొట్లాట, ఒక ఊర్లో రెండు పార్టీల కొట్లాట, ఒక ఊర్లో పోటీనే లేదు. మూడు రకాలు. మూడింటిలో మన పాత్ర ఏంది? పోటీ ఉన్నప్పుడు మన ఓటుకు ఒక రాత్రి విలువ. పోటీ లేనప్పుడు ఆ ఒక్క రాత్రి కూడా లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మేయర్, చైర్మన్ ఎట్లా తయారవుతారు?

మన రాష్ట్రంలో ఇప్పుడు మేయర్‌ను, మున్సిపల్ చైర్మన్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. ఒకప్పుడు నేరుగా ఎన్నుకునేవాళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో హైదరాబాద్ మేయర్ అట్లనే జనం ఓటుతో గెలిచారు. తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు మనం వార్డు సభ్యుణ్ణి ఎన్నుకుంటాం. గెలిచిన వార్డు సభ్యులంతా కౌన్సిల్‌లో కూర్చుని చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. వాళ్లతో పాటు ఆ పట్టణానికి సంబంధించిన ఎమ్మెల్యేకు, ఎంపీకి ఎక్స్ అఫీషియో ఓటు ఉంటుంది. పార్టీలు విప్ జారీ చేస్తాయి. విప్ మీరితే సభ్యత్వం పోయే ప్రమాదం.

అందుకే మేయర్ ఎన్నికకు ముందు వార్డు సభ్యుణ్ణి పెళ్లికొడుకు మాదిరి చూసుకుంటారు. బస్సు ఎక్కిస్తారు, హోటల్లో పెడతారు, ఫోన్లు తీసేసుకుంటారు. విశాఖపట్నం చూడండి. 2021లో అక్కడ వైసీపీకి మెజారిటీ వచ్చింది, గొలగాని హరి వెంకట కుమారి మేయర్ అయినారు. నాలుగేళ్లు నిండగానే అవిశ్వాసం పెట్టారు. నెగ్గాలంటే మూడింట రెండొంతులు కావాలి, అంటే 74 ఓట్లు. 2025 ఏప్రిల్ 19న సరిగ్గా 74 ఓట్లే పడ్డాయి. ఒక్క ఓటు తగ్గి ఉంటే ఆమె మేయర్‌గానే ఉండేవారు. పది రోజులు కూడా తిరక్కుండా పీలా శ్రీనివాసరావు మేయర్ అయినారు.

నేను ఈ లెక్క ఎందుకు చెప్తున్నా? ఒక మహానగరం నాయకత్వం మారడానికి ఒక్క వార్డు మనిషి చెయ్యి చాలు అని మీకు తెలియడానికి. ఆ చెయ్యి మనది అయి ఉంటే, ఎత్తే ముందు అడగడానికి మన దగ్గర ఏమి ఉండేది? పట్టా, కొళాయి, శ్మశానం, అంగన్‌వాడీ. ఒక కాగితం మీద రాసి అడగొచ్చు. మరి మన చెయ్యి ఆ హాలులో ఎందుకు లేదు?

డబ్బు లేదు, పార్టీలో మనోళ్లు లేరు, నిజమే. కానీ వాటికంటే ముందు ఒక గడప ఉంది. దాని పేరు లెక్క. జనాభా లెక్క.

రాజ్యాంగంలో 243టీ అని ఒక అధికరణ ఉంది. 74వ సవరణతో వచ్చింది, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రతి మున్సిపాలిటీలోనూ ఎస్సీలకు, ఎస్టీలకు వాళ్ల జనాభా నిష్పత్తి ప్రకారం సీట్లు కేటాయించాలని అది చెప్తుంది. ఎస్టీల వాటా ఎక్కువగా ఉన్న వార్డును చూసి ఎస్టీకి రిజర్వు చేస్తారు. దేన్ని పట్టుకుని చూస్తారు? అచ్చయిన చివరి జనాభా లెక్కలను పట్టుకుని. అవి 2011వి. 2021లో జరగాల్సిన లెక్కలు జరగనే లేదు.

2011 లెక్కల్లో, విడిపోక ముందటి మన కడప జిల్లా జనాభా 28 లక్షల 82 వేలు. అందులో ఎస్టీలు 2.6 శాతం. అంటే సుమారు 75 వేల మంది. యానాదులు, ఎరుకలోళ్లు, సుగాలీలు, నక్కలోళ్లు, అందరం కలిపి.

ఇప్పుడు పలక మీద చిన్న లెక్క వేద్దాం. పట్టణానికి పట్టణానికి మన వాటా వేరుగా ఉంటుంది. విషయం అర్థం కావడానికి జిల్లా సగటే అన్ని చోట్లా ఉందనుకుందాం. కడపలో 50 డివిజన్లు, 2.6 శాతం అంటే 1.3 సీటు. ప్రొద్దుటూరులో 41 వార్డులు, అక్కడ ఒకటి కంటే రవ్వంత ఎక్కువ. పులివెందులలో 33, ఒకటికి కాస్త తక్కువ. జమ్మలమడుగులో 20, సరిగ్గా అర సీటు చిల్లర.

చూసినారా? మనం ఉండేది ఒకటికీ సున్నాకీ మధ్యలో. పెద్ద కులాలకు లెక్కలో వంద ఇండ్లు జారిపోయినా వాళ్ల సీట్లకు ఏమీ కాదు. మనకు వంద ఇండ్లు జారిపోతే ఉన్న ఒక్క సీటు కదిలిపోతుంది. కాబట్టి లెక్కలో పేరు ఉండడం అందరికంటే మనకే ఎక్కువ అవసరం.

కానీ లెక్కలోంచి జారిపోయేది ఎవరు? మనమే. ఎట్లా జారిపోతామో మీకు నేను చెప్పక్కర్లేదు. సుగ్గి పనులకు, ఇటుక బట్టీలకు వలస పోయినప్పుడు ఇంటికి తాళం. లెక్క రాసేవాళ్లు వచ్చి తాళం చూసి పోతారు. పెన్నా ఒడ్డున, కాలువ గట్టున, రైలు పట్టాల పక్కన గుడిసె ఉంటే దానికి డోర్ నంబరే ఉండదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడో, సుందరీకరణ అన్నప్పుడో పేటను ఎత్తేస్తే పది ఇండ్లు ఒక వార్డులోకి, పదహైదు ఇండ్లు ఇంకో వార్డులోకి చెదిరిపోతాయి. అంతకుముందు ఒక వార్డులో కనపడిన మన సంఖ్య ఆ తర్వాత ఏ వార్డులోనూ కనపడదు. గుడిసె పోవడం మన కంటికి కనపడుతుంది. దాంతో పాటు సీటు పోవడం ఎవరి కంటికీ కనపడదు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేసుకోవాలి. మనల్ని లెక్క పెట్టడం ఈ ప్రభుత్వాలకు చేతకాక కాదు. బ్రిటిష్ వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలోకి కూడా వచ్చింది. అప్పుడు మన కడప అందులోదే. ఎరుకలోళ్లను పుట్టుకతోనే దొంగలని రాసినారు. పేర్లు రిజిస్టర్లో ఎక్కించినారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. పోలీసుకు చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్లా పుట్టినవే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది.

అంటే మనల్ని అనుమానించడానికి లెక్క కావాల్సి వచ్చినప్పుడు ఒక్క మనిషి కూడా తప్పిపోకుండా రాసినారు. పసిబిడ్డ పెద్దవాడయ్యేదాకా కనిపెట్టినారు. మనకు సీటు ఇవ్వడానికి లెక్క కావాల్సి వచ్చేసరికి మాత్రం మన గుడిసె వాళ్ల దారిలో పడదు. మా పేటలో ఒక అవ్వ ఉండేది. ఎవరైనా పుస్తకం, పెన్ను పట్టుకుని వస్తే పేరు చెప్పేది కాదు. "పేరు చెప్తే పట్టుకుపోతారు నాయనా" అనేది. ఆ భయం ఆమెకు యాడ నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసింది కదా. ఆ భయాన్ని పెట్టినోళ్లు పోయినారు. భయం మాత్రం మన ఇండ్లలో ఉండిపోయింది. దాన్ని పోగొట్టే పని చదువుకున్న మనది.

ఇప్పుడు మంచి మాట వినండి. మళ్లీ జనాభా లెక్కలు వస్తున్నాయి. 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. మొదట 2026లో ఇండ్ల లెక్క, తర్వాత 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. ఈసారి ఫోన్లలోనే రాసుకుంటారు. అన్ని కులాల లెక్క కూడా ఈసారే. ఆ తర్వాత వచ్చే ఎన్నికల్లో ఏ వార్డు ఎవరిదో చెప్పేది ఆ పుస్తకమే. ఇప్పుడు జరగబోయే మున్సిపల్ ఎన్నిక ఐదేళ్ల ముచ్చట. ఆ లెక్క అయితే మళ్లీ కొత్త లెక్కలు వచ్చేదాకా మనల్ని పట్టుకుని ఉంటుంది. 2011 లెక్క చూడండి, పదహైదేళ్లు అయినా అదే నడుస్తాంది.

అందుకే అంటున్నా, కుర్చీ సంగతి తర్వాత, ముందు మన లెక్క తేలాలి. ఏం చేయాలో ఒక్కొక్కటి చెప్తా.

మొదటిది, పేటల పటం గీయండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు ఊర్లలోనూ మన ఇండ్లు యాడెక్కడ ఉన్నాయో ఒక నోటు పుస్తకంలో రాయండి. ఏ వార్డు, ఎన్ని ఇండ్లు, ఎంతమంది మనుషులు, ఎవరు వలస పోయినారు, ఎప్పుడు తిరిగి వస్తారు. డోర్ నంబర్ లేని ఇల్లు అయితే పక్కన గుర్తు రాయండి, చింతచెట్టు పక్కనో, కల్వర్టు అవతలో. ఇండ్ల లెక్కకు వచ్చిన టీచరమ్మకు ఆ పుస్తకం చూపించి, "అమ్మా, ఇదిగో మా పేట, ఇక్కడ ఇన్ని ఇండ్లు, ఒక్కటీ వదలొద్దు" అని చెప్పండి. వాళ్లు మన శత్రువులు కాదు. ఎండలో తిరిగి పని చేసేవాళ్లు. దారి చూపిస్తే సంతోషిస్తారు. ఒక చెంబు నీళ్లు కూడా ఇవ్వండి.

రెండోది, తెగ పేరు చెప్పండి. ఇది చాలా ముఖ్యం. లెక్క రాసేవాళ్లు అడిగినప్పుడు "ఆదివాసీ" అనో "గిరిజన" అనో చెప్పి ఊరుకోవద్దు. మనం గర్వంగా చెప్పుకునే పేరు అది, కానీ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉండేది తెగల పేర్లు. ఎరుకల అని చెప్పండి, యానాది అని చెప్పండి, సుగాలి అని చెప్పండి, నక్కల అని చెప్పండి. నక్కలోళ్లు ఆ జాబితాలోకి వచ్చిందే 2003లో. అంతకాలం పోరాడి తెచ్చుకున్న పేరు రాసేటప్పుడు పోగొట్టుకోవద్దు. చెప్పినది సరిగ్గా ఎక్కిందా అని ఒకసారి చదివి వినిపించమని అడగండి. అట్లా అడిగితే ఎవరూ కోప్పడరు.

మూడోది, ఓటరు జాబితా. జనాభా లెక్క వేరు, ఓటరు జాబితా వేరు. రెండింటిలోనూ ఉండాలి. 18 నిండిన ప్రతి ఒక్కరి పేరూ ఉందా చూడండి. పేట ఎత్తేసి వేరే చోటికి పోయినోళ్ల పేర్లు పాత బూతులోనే ఉండి, తర్వాత తీసేసి ఉంటారు. జాబితా వచ్చిన రోజే సచివాలయంలో, బీఎల్ఓ దగ్గర చూసుకోండి. పోలింగ్ రోజు పోయి "నా పేరు లేదు" అని ఏడిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

నాలుగోది, కాగితాలు. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఎన్నిసార్లు తిప్పుతారో డిగ్రీ చదివిన నాకు తెలుసు, మీకూ తెలుసు. ఎన్నికల ప్రకటన వచ్చినాక ఆఫీసు చుట్టూ తిరిగితే నామినేషన్ గడువు అయిపోతుంది. ఇప్పుడే తీసి పెట్టుకోండి. మన ఊర్లలో పోటీ చేయగల ప్రతి మనిషి దగ్గరా ఆ పత్రం సిద్ధంగా ఉండాలి.

ఎవరు పోటీ చేయొచ్చు? 21 ఏళ్లు నిండితే చాలు. ఈ చాప మీద కూర్చున్న వాళ్లలో సగం మంది చేయొచ్చు. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకు. ఇదివరకు ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలుంటే పోటీకి పనికిరారనే నిబంధన ఉండేది. దాన్ని 2024లో తీసేసినారు. మన ఇండ్లలో ముగ్గురు నలుగురు బిడ్డలున్న అక్కలకు ఇప్పుడు ఆ అడ్డు లేదు. ఎస్టీకి రిజర్వు అయిన వార్డులోనే నిలబడాలని కూడా ఏమీ లేదు. జనరల్ వార్డులో కూడా మనం నిలబడొచ్చు.

ఇక్కడ ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, రిజర్వు సీటు వచ్చినా పెద్దరెడ్డి చెప్పిన మనిషినే పెడతారు కదా? సంతకం మనది, పెత్తనం వాళ్లది." నిజమే తమ్ముడూ. కళ్లారా చూస్తున్నాం. గెలిచిన అక్క ఇంట్లో వంట చేస్తుంటుంది, ఆమె పేరు మీద ఇంకెవరో కాంట్రాక్టు పనులు చూసుకుంటుంటారు. కానీ దానికి మందు సీటు వదులుకోవడం కాదు. అభ్యర్థిని పార్టీ ఎంచుకునే లోపు మన పేట ఎంచుకోవాలి. పేటలో కూర్చుని, "మన తరఫున ఈ చెల్లెలు" అని నలుగురి ముందు తీర్మానం చేయండి. ఆ తీర్మానంతో అన్ని పార్టీల దగ్గరికీ పొండి. "మనిషిని మేమిస్తాం, బీ ఫాం మీరివ్వండి" అని అడగండి. ఇస్తే మంచిది. ఇవ్వకపోతే మన ఓటు ఎంతో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే మన దగ్గర నోటు పుస్తకం ఉంటుంది.

ఇంకొక అక్క అడిగింది: "ఒక్క వార్డు మెంబరు అయి ఏం పీకుతారు?" ఒడిశాలో రాయరంగపూర్ అని ఒక చిన్న ఊరు ఉంది. మన జమ్మలమడుగు లాంటి ఊరు అనుకోండి. 1997లో అక్కడి నగర పంచాయతీకి ఒక సంతాలీ టీచరమ్మ కౌన్సిలర్‌గా గెలిచింది. ఆమె పేరు ద్రౌపదీ ముర్ము. 2022లో రాష్ట్రపతి అయింది. ఆమె పార్టీ మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఆమె పదవిలో ఉండగా ఆదివాసులకు ఏం జరిగింది అని అడిగే హక్కు కూడా మనకు ఉంది. నేను చెప్పేది ఒక్కటే, ఆ దారి ఒక వార్డు దగ్గర మొదలైంది. జార్ఖండ్‌లో రాంచీ చూడండి. అంత పెద్ద నగరానికి మేయర్ పదవి ఎస్టీలకు రిజర్వు అయింది, రమా ఖల్ఖో, తర్వాత ఆశా లక్రా ఆ కుర్చీలో కూర్చున్నారు. అక్కడ ఆదివాసులు ఎంతమందో లెక్కలో కనపడుతుంది కాబట్టి అడగగలిగారు. మనం తక్కువమందిమి, మేయర్ పదవి మన దాకా రాకపోవచ్చు. కానీ మేయర్ కావాలనుకునే ప్రతివాడూ మన దాకా రావాల్సిన పరిస్థితి తేవొచ్చు.

ఇంకో విషయం మరవొద్దు. ఐదో షెడ్యూల్ ఏజెన్సీ ప్రాంతాలు మన జిల్లాలో లేవు. పాడేరులో, పార్వతీపురంలో ఉండే అన్నలకు 1/70 చట్టం ఉంది, పెసా చట్టం ఉంది. ఆ చట్టాలు అక్కడ ఎట్లా అమలవుతున్నాయన్నది వేరే పోరాటం. మైదానంలో, పట్టణంలో ఉండే మనకు ఆ రెండూ లేవు. మన నేలకు కంచె లేదు, మన పేటకు గ్రామసభ లేదు. మనకు మిగిలినది ఈ వార్డు ఒక్కటే. ఇదీ పోతే ఇంక మనం మాట్లాడే చోటు తహసీల్దార్ ఆఫీసు వరండానే.

రేపటి నుంచి మూడు ఊర్లలోనూ లీడర్లు మారతారు. ఈ పార్టీ నుంచి ఆ పార్టీలోకి పోతారు. నిన్న తిట్టుకున్నోళ్లు ఇయ్యాల దండలు వేసుకుంటారు. మన పేటకూ వస్తారు, అన్నా అంటారు, అక్కా అంటారు, బిడ్డలను ఎత్తుకుని ఫోటోలు దిగుతారు. రానీండి. కూర్చోబెట్టండి. టీ ఇవ్వండి. ఇచ్చి ఈ ప్రశ్నలు అడగండి:

మా పేటలో ఎన్ని ఇండ్లు ఉన్నాయో మీకు తెలుసా?
ఇక్కడ ఎంతమందికి పట్టా లేదో తెలుసా?
గుడిసెలు తీసేయాల్సి వస్తే అదే వార్డులో జాగా చూపిస్తామని రాసిస్తారా?
మీ కౌన్సిల్ మొదటి సమావేశంలో ఎస్టీ పేటల మీద ఒక తీర్మానం పెడతారా?

నాలుగు ప్రశ్నలు. జవాబులు అక్కడే రాసుకోండి, తేదీ వేయండి, వాళ్ల సంతకం అడగండి. సంతకం పెట్టకపోతే పెట్టలేదని రాసుకోండి. అది కూడా ఒక జవాబే.

మన తాతలను పోలీసులు పుస్తకంలో రాసుకున్నారు. ఈసారి పుస్తకం మన చేతిలో ఉండాలి. వచ్చే ఆదివారానికి ఒక్కో ఊరి నుంచి ఇద్దరిద్దరు తమ పేట నోటు పుస్తకం మొదలుపెట్టి రావాలి. ప్రొద్దుటూరు వాళ్లు 41 వార్డులు పంచుకోండి. పులివెందుల వాళ్లు 33. జమ్మలమడుగు వాళ్లవి 20 వార్డులే కాబట్టి వాళ్లు ముందు ముగించి మిగతా ఊర్లకు సాయం రావాలి. పెన్ను ఖర్చు నాది.

జై ఆదివాసీ. జై భీమ్.